కార్బైడు కథ: గనిదీపం నుండి కలంమొన వరకు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగపాఠం)

 

ఈ సభలో విజ్ఞానశాస్త్ర సంబంధమైన విషయం ఏదైనా మాట్లాడవలసిందిగా కార్యదర్శిగారు కోరినప్పుడు ఏమి మాట్లాడాలా అని ఎక్కువ ఆలోచించవలసిన అవసరం నాకు కలుగలేదు. నేను పండితుణ్ణి కాను. బెంగుళూరులో ఒక కర్మాగారపు టూల్‌రూములో మూడున్నర దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. ఆ ఉద్యోగ జీవితమంతా ఒకే జాతి పదార్థంతో గడిచింది. నా బాల్యం కూడా ఆ జాతికే చెందిన మరొక పదార్థపు వెలుగులో గడిచింది. ఆ జాతి పేరు కార్బైడు. దాని మేలు చెబుతాను, కీడు చెబుతాను. ఆ రెంటి నడుమ ఈ పాఠశాల ఆవరణలోనే జరిగిన ఒక సంఘటన కూడా చెబుతాను. అరవై ఏళ్ళుగా నేను సభలో చెప్పని సంగతి అది.

మా నాయన దీపం

మన కోలారు బంగారు గనుల ఊరికి 1902లోనే శివనసముద్రం నుండి విద్యుచ్ఛక్తి వచ్చింది. కాని భూమిలో వేల అడుగుల లోతున, ప్రతి సందుకూ, ప్రతి మూలకూ ఆ వెలుగు చేరదు కదా! అక్కడికి మనిషే తన వెలుగును తాను మోసుకొని పోవాలి. మా నాయన దగ్గర ఒక ఇత్తడి దీపం ఉండేది. పిడికిలిలో పట్టేటంత. దానికి రెండు గదులు. పై గదిలో నీళ్ళు, కింది గదిలో బూడిదరంగు రాతిముక్కలు. పైన ఉన్న చిన్న మీటను తిప్పితే నీరు బొట్టుబొట్టుగా కిందికి జారుతుంది. రాతిముక్కలు బుసబుసమని పొంగుతాయి. అప్పుడు పుట్టే వాయువు ముందున్న సన్నని రంధ్రం గుండా బయటికి వస్తుంది. దానికి నిప్పురవ్వ తగిలిస్తే తెల్లని జ్వాల వెలుగుతుంది. వెనుకనున్న గిన్నెవంటి పళ్ళెం ఆ వెలుగును ముందుకు విసురుతుంది. ఆముదపు దీపం, కిరోసిన్ బుడ్డి ఎరిగిన మాకు ఆ తెల్లదనం పట్టపగలువలె తోచేది.

బొగ్గు గనులలో ఇటువంటి బయటి జ్వాల పనికిరాదు. అక్కడ మీథేన్ వాయువు పేలుతుంది. లోహపు గనులలో ఆ బెడద తక్కువ కనుక ప్రపంచమంతటా గని కార్మికుల నెత్తిమీద, చేతిలో చాలాకాలం ఈ దీపమే వెలిగింది. తరువాత బ్యాటరీ దీపాలు వచ్చి దానిని పక్కకు నెట్టాయి.

పని ముగించి ఇంటికి రాగానే మా నాయన దీపం అడుగున మిగిలిన తెల్లని ముద్దను గోడవారగా పారవేసేవాడు. అది తడి సున్నం. ఇరుగుపొరుగువారు దానిని ఎత్తుకొనిపోయి గోడలకు పూసుకొనేవారు. మిగిలిన రాతిముక్కలను రేకుడబ్బాలో వేసి, మూత బిగించి, అటకమీద పెట్టేవాడు. “దీంతో ఆటలాడొద్దురా. ఇది నీళ్ళు తాగిందంటే మంట కక్కుతుంది” అనేవాడు. రసాయన శాస్త్రంలో నేను విన్న మొదటి పాఠం అదే.

ఆ రాయి ఎలా పుట్టింది?

ఆ రాయి పేరు కాల్షియం కార్బైడు. కార్బన్ తనకంటె తక్కువ ఋణవిద్యుదాత్మకత గల మూలకంతో, అంటే ఏదైనా లోహంతోగాని, సిలికాన్, బోరాన్ వంటివాటితోగాని కలిసినప్పుడు ఏర్పడే సమ్మేళనాన్ని కార్బైడు అంటారు. జర్మన్ రసాయనవేత్త ఫ్రెడరిక్ వోలర్ 1862లో కాల్షియం కార్బైడును తయారుచేసి, అది నీటితో కలిస్తే ఎసిటిలీన్ వాయువు వస్తుందని కనుగొన్నాడు. కాని అది ప్రయోగశాలకే పరిమితమైంది. దానిని బస్తాలకొద్దీ తయారుచేసే దారి మరో ముప్పై ఏళ్ళకు, అదీ పొరబాటున దొరికింది.

థామస్ విల్సన్ అనే కెనడా దేశస్థుడు 1892లో అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రంలో విద్యుత్ కొలిమి నడుపుతున్నాడు. సున్నాన్ని, తారును కలిపి తీవ్రంగా వేడిచేసి కాల్షియం లోహాన్ని రాబట్టాలని ఆయన ప్రయత్నం. కొలిమిలో ఒక నల్లని ముద్ద మిగిలింది. నీటిలో వేస్తే వాయువు వచ్చింది. అది కాల్షియం లోహమే అయితే వచ్చేది హైడ్రోజన్ కావాలి, దాని మంట పొగ లేకుండా మండాలి. ఈ వాయువు మసి కక్కుతూ మండింది. ఆ మసిని చూసి ‘ఇదేదో వేరు’ అని గ్రహించడమే ఆయన ప్రతిభ. అదే కాలంలో ఫ్రాన్సులో హెన్రీ మ్వాసాన్ కూడా తన విద్యుత్ కొలిమిలో స్వతంత్రంగా దీనిని సాధించాడు.

నేటికీ పద్ధతి అదే. కాల్చిన సున్నాన్ని, కోక్ బొగ్గును కలిపి విద్యుత్ కొలిమిలో దాదాపు 2,000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేస్తారు. కాల్షియం కార్బైడు ఏర్పడి, కార్బన్ మోనాక్సైడు వాయువు బయటికి పోతుంది. ఇంత వేడి కట్టెలతోనో బొగ్గుతోనో సాధ్యం కాదు. అందుకే విద్యుచ్ఛక్తి చవకగా దొరికేదాకా లోకానికి కార్బైడు దొరకలేదు.

ఇక నీటితో దాని చర్య. మా సైన్సు అయ్యవారు నల్లబల్లమీద రాసిన లెక్క నాకింకా కళ్ళకు కట్టినట్లుంది. 64 గ్రాముల కార్బైడు, 36 గ్రాముల నీరు కలిస్తే 26 గ్రాముల ఎసిటిలీన్, 74 గ్రాముల తడిసున్నం వస్తాయి. ఇటు కూడినా నూరే, అటు కూడినా నూరే. ద్రవ్యనిత్యత్వ నియమాన్ని ఇంతకంటె చక్కగా చెప్పే ఉదాహరణ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆ 26 గ్రాముల వాయువు ప్రమాణ పరిస్థితులలో 22 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. గుప్పెడు రాతిలో పెద్ద బిందె నిండా వాయువు దాగి ఉన్నదన్నమాట. గాలిలో అది నూటికి రెండున్నర పాళ్ళున్నా చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. 80 పాళ్ళున్నా పేలుతుంది. ఇంత విశాలమైన హద్దులలో పేలే వాయువులు అరుదు.

ఇంకుబుడ్డి

1964లో నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఒకనాడు మా నాయన డబ్బాలోనుండి రెండు ముక్కలు తీసి జేబులో వేసుకొని బడికి వచ్చాను. మధ్యాహ్నపు విరామంలో, చింతచెట్టు కింద, నా పక్కబల్ల మిత్రుని ఇంకుబుడ్డిలో నీళ్ళు పోసి వాటిని అందులో వేశాము. మూత బిగించినవాణ్ణి నేను. ‘మూత ఎగురుతుంది చూడు’ అన్నవాణ్ణీ నేనే. అది ఎగురలేదు. బుడ్డి ఎందుకు కదలడంలేదో చూద్దామని మిత్రుడు వంగాడు.

గాజుముక్కలు ఆయన చెంపను కోశాయి. అంతకంటె పెద్ద నష్టం సున్నం చేసింది. అది ఎడమకంటిలో పడింది. మేము భయపడి ధోవతి చెంగుతో తుడిచాము. రుద్దాము. నీటితో కడగాలన్న తెలివి మాలో ఎవరికీ లేకపోయింది. ఆసుపత్రికి తీసుకొనిపోయేసరికి ఆలస్యమైంది. ఆ కంటికి చూపు పోయింది.

‘కార్బైడు ఎవరు తెచ్చార’ని అడిగితే నేను మాట్లాడలేదు. మిత్రుడూ నా పేరు చెప్పలేదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు రాత్రి మా నాయనతో చెప్పాను. ఆయన కొట్టలేదు. నా చేయి పట్టుకొని వాళ్ళింటికి తీసుకొనిపోయి, ఆ తల్లిదండ్రుల ముందు నిలబెట్టి, “తెచ్చింది వీడు. డబ్బా అందే చోట పెట్టింది నేను” అన్నాడు.

మరునాడు తరగతిలో మా సైన్సు అయ్యవారు ఇందాక చెప్పిన లెక్కను నల్లబల్లమీద రాశారు. రాసి, సుద్దముక్క చేతిలో పట్టుకొని, “ఈ పాఠం పై తరగతిలో వస్తుంది కదా అని ఊరుకున్నాను. ఇంటింటా కార్బైడు ఉన్న ఊరిలో ఆ మాట ముందే చెప్పవలసినవాణ్ణి. తప్పులో నాకూ పాలున్నది” అన్నారు. ఒక ఉపాధ్యాయుడు పిల్లలముందు అలా అనగా వినడం అదే మొదటిసారి. నేను రసాయన శాస్త్రం శ్రద్ధగా చదివానంటే అది ఆ మాటవల్లనే.

చాలా ఏళ్ళ తరువాత బెంగుళూరులో ఒక గ్రంథాలయంలో గుస్తావ్ డాలేన్ అనే స్వీడిష్ ఇంజనీరు చరిత్ర చదివాను. సముద్రతీరపు దీపస్తంభాలలో ఎసిటిలీన్ దీపం పగలు దానంతటదే ఆరి, రాత్రి దానంతటదే వెలిగేటట్లు కవాటాలను కల్పించినవాడాయన. ఎసిటిలీన్‌ను సిలిండరులో భద్రంగా నిలువచేసే విధానాన్ని మెరుగుపరచినవాడు కూడా. 1912లో ఎసిటిలీన్‌తో పరీక్షలు చేస్తుండగా ప్రేలుడు జరిగి రెండు కళ్ళూ పోగొట్టుకొన్నాడు. అదే సంవత్సరం భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. ఆయన బదులు నేత్రవైద్యుడైన సోదరుడు వెళ్ళి అందుకొన్నాడు. డాలేన్ ఆ తరువాత కూడా పాతికేళ్ళపాటు, 1937లో మరణించేదాకా, తన సంస్థను నడిపాడు. ఈ కథ మా మిత్రునికి ఉత్తరంలో రాశాను. “ఆయన దీపస్తంభం వెలిగించి బహుమతి కొట్టాడు. మనం ఇంకుబుడ్డి పేల్చి బెత్తం దెబ్బ కూడా తినలేదు” అని జవాబు రాశాడు. ఈ సభలో ఈ సంగతి చెప్పనా అని అడిగితే, “చెప్పు. బుడ్డి మాత్రం నాదని చెప్పు” అన్నాడు. అందుకే చెప్పాను.

ఎసిటిలీన్ మేలు, జాగ్రత్త

ఎసిటిలీన్ దీపాల కాలం పోయినా ఆ వాయువుకు పని పోలేదు. ఆక్సిజన్‌తో కలిపి మండిస్తే దాని జ్వాల 3,000 డిగ్రీలు దాటుతుంది. ఇనుము కోయడానికి, అతకడానికి గ్యాసు వెల్డింగులో వాడేది ఇదే. కాని ఈ వాయువును ఒత్తిడి పెట్టి ఖాళీ సిలిండరులోకి ఎక్కించకూడదు. సుమారు ఒకటిన్నర వాతావరణాల అదనపు పీడనానికే తనంతట తాను విచ్ఛిన్నమై పేలగలదు. అందుచేత సిలిండరులో స్పంజివంటి సచ్ఛిద్ర పదార్థం నింపి, అందులో ఎసిటోన్ ద్రవం పోసి, ఆ ద్రవంలో వాయువును కరిగిస్తారు. మన దేశంలో ఎసిటిలీన్ సిలిండరుకు ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు, ఆక్సిజన్ సిలిండరుకు నలుపురంగు వేస్తారు.

మన ఊరిలో వెల్డింగు అంగళ్ళు నడిపే పూర్వ విద్యార్థులు ఉన్నారు కనుక మూడు మాటలు మనవి చేస్తాను. ఎసిటిలీన్ సిలిండరును పడుకోబెట్టి వాడకండి. ఆ గొట్టాలకు రాగి వాడకండి, రాగితో కలిస్తే ప్రేలుడు పదార్థం ఏర్పడుతుంది. కార్బైడు డ్రమ్ము దగ్గర నిప్పు అంటుకొంటే నీళ్ళు పోయకండి, పొడి ఇసుక చల్లండి. నీళ్ళు పోయడమంటే ఆ మంటకు మేత వేయడమే.

వజ్రం తమ్ముళ్ళు

ఇంతదాకా చెప్పింది నీటితో విచ్ఛిన్నమయ్యే కార్బైడుల సంగతి. ఇందులో అల్యూమినియం కార్బైడు అనే మరొకటి ఉన్నది. అది నీటితో మీథేన్ ఇస్తుంది. ఇవిగాక నీటిని లెక్కచేయనివి, వజ్రంతో పోటీపడేవి మరి రెండు తెగలున్నాయి.

మొదటి తెగకు పెద్ద సిలికాన్ కార్బైడు. అమెరికాలో ఎడ్వర్డ్ ఏచిసన్ అనే ఆయన 1891లో ఇనుపపాత్రలో బంకమట్టిని, కోక్ పొడిని కలిపి విద్యుత్తుతో కాల్చాడు. చల్లారిన తరువాత కార్బన్ కడ్డీకి మెరిసే చిన్న పలుకులు అంటుకొని కనిపించాయి. వాటితో గాజును గీస్తే గీత పడింది. కార్బన్, కురువిందం కలిసి ఏర్పడినదనుకొని దానికి కార్బొరండం అని పేరు పెట్టాడు. అనుకొన్నది తప్పు, పేరు మాత్రం నిలిచింది. అది ఇసుకలోని సిలికాన్, కార్బన్‌ల కలయిక. మన వీధిలో కత్తులు సానపట్టే చక్రంలో, ఇనుమును నునుపుచేసే నల్లని గరుకు కాగితంలో ఉండేది తరచు ఇదే. ప్రకృతిలో ఇది అత్యంత అరుదు. అమెరికాలోని ఆరిజోనాలో పడిన ఉల్కలో మ్వాసాన్ దీనిని గుర్తించాడు. అందుకే సహజ రూపానికి మ్వాసనైటు అని ఆయన పేరు.

సానరాయిగా బ్రతికిన ఈ పదార్థానికి ఇప్పుడు రెండో జన్మ వచ్చింది. అది అర్ధవాహకం. 1907లోనే హెన్రీ రౌండ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీనిగుండా విద్యుత్తు పంపితే పసుపుపచ్చని వెలుగు వస్తున్నదని గమనించాడు. నేటి ఎల్.ఇ.డి. దీపానికి అది పూర్వరూపం. సిలికాన్ కంటె ఎక్కువ వేడిని, ఎక్కువ వోల్టేజిని తట్టుకొంటుంది కనుక విద్యుత్ కార్లలో, సౌరవిద్యుత్ పరికరాలలో నేడు దీనికి గిరాకి ఏర్పడింది. ఒడిశాలోని భువనేశ్వరంలో సిలికాన్ కార్బైడు అర్ధవాహక కర్మాగారం స్థాపించడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ముందువరుసలోని చిరంజీవులారా, ఆ మాట మీకోసం చెబుతున్నాను.

ఇదే తెగకు చెందిన బోరాన్ కార్బైడు గురించి ఒక్క మాట. గట్టిదనంలో అది వజ్రానికి కొద్దిదూరంలో నిలుస్తుంది. తూటాలను ఆపే కవచాలలోను, అణు రియాక్టరులో న్యూట్రాన్లను పీల్చి వేగాన్ని అదుపుచేసే కడ్డీలలోను వాడతారు.

రెండో తెగ నా అన్నం పెట్టిన తెగ. టంగ్‌స్టన్ వంటి లోహాలలో పరమాణువుల నడుమ ఉండే సందులలో కార్బన్ పరమాణువులు దూరి కూర్చుంటాయి. లోహపు మెరుపు, విద్యుద్వాహకత పోవు. గట్టిదనం మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. టంగ్‌స్టన్ కార్బైడు ఉక్కుకు రెట్టింపు బరువు. ద్రవీభవన స్థానం దాదాపు 2,800 డిగ్రీలు. అయితే అది ఒంటరిగా పెళుసు. విద్యుత్ బల్బులకు టంగ్‌స్టన్ తీగ లాగడానికి ఖరీదైన వజ్రపు అచ్చులు కావలసివచ్చేవి. వాటికి బదులు వెదకుతూ జర్మనీలో కార్ల్ ష్రోటర్ 1923లో ఒక ఉపాయం కనిపెట్టాడు. టంగ్‌స్టన్ కార్బైడు పొడిలో కొద్దిగా కోబాల్టు పొడి కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1,400 డిగ్రీల వద్ద కాల్చాడు. కోబాల్టు కరిగి, ఇటుకల నడుమ అడుసువలె, గింజలను పట్టి ఉంచింది. కొద్ది ఏళ్ళకే అది ‘విడియా’ అన్న పేరుతో బజారుకు వచ్చింది. జర్మన్ భాషలో ‘వజ్రంవలె’ అన్న మాటలకు అది కుదింపు. మన లేతు పనివారు నేటికీ ఆ మాట వాడతారు.

అది రాకముందు గనిలో ఉక్కు డ్రిల్లుమొన కొద్ది అడుగులు తొలచగానే మొద్దుబారేది. కట్టలకొద్దీ కడ్డీలు పైకి వచ్చి, కమ్మరి శాలలో కాగి, సానపట్టుకొని మళ్ళీ కిందికి పోయేవి. కార్బైడు మొన వచ్చిన తరువాత ఆ రాకపోకలు తగ్గాయి. పని వేగం పెరిగింది. కాని రాయి తొలిచే వేగం పెరిగితే రాతిధూళి కూడా పెరుగుతుంది. నీళ్ళు చిమ్ముతూ తొలవకపోతే ఆ ధూళి ఊపిరితిత్తులను రాయి చేస్తుంది. సిలికోసిస్ అంటే ఏమిటో ఈ ఊరివారికి నేను చెప్పనవసరం లేదు. మా నాయన చివరి ఏళ్ళు దగ్గుతోనే గడిచాయి. కోబాల్టు కలిసిన కార్బైడు ధూళి కూడా అటువంటిదే. అందుకే టూల్‌రూములో నా కింద పనినేర్చుకొన్న ప్రతి కుర్రవానికీ మొదటి రోజు మర యంత్రం చూపలేదు, ముక్కుకు కట్టుకొనే గుడ్డ చూపించాను.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మిగిలినవి సైనైడు దిబ్బలు. ఆ దిబ్బలలో టంగ్‌స్టన్ ఖనిజమైన షీలైటు ఉన్నట్లు భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. మనం ఆడుకొన్న దిబ్బలలోనే కార్బైడుకు మూలధాతువు ఉన్నదంటే ఆశ్చర్యం కదా!

ఉక్కు మన మాట

మరొక కార్బైడు మనకు తెలియకుండానే మన పూర్వులకు పరిచయం. ఇనుములో కార్బన్ కలిసినప్పుడు సిమెంటైటు అనే ఇనుప కార్బైడు ఏర్పడుతుంది. ఉక్కు గట్టిదనానికి అదొక ముఖ్యకారణం. తెలంగాణలోని కోనసముద్రంలోను, ఈ మైసూరు సీమలోను మూసలలో ఇనుమును కరిగించి తీసిన ఉక్కు దేశాంతరాలకు పోయి, డమాస్కస్ కత్తులుగా పేరుపొందింది. పాశ్చాత్యులు దానిని ‘వూట్జ్’ అన్నారు. అది ‘ఉక్కు’ అన్న మన మాటకు రూపాంతరమని భాషావేత్తల అభిప్రాయం. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు ఒక పాత డమాస్కస్ కత్తిముక్కలో అతిసూక్ష్మమైన కార్బన్ నాళికలను, వాటిలో సిమెంటైటు తీగలను చూశారు. ఆ మాట కన్నడానిదా, తెలుగుదా అని ఈ ఊరిలో తగవు అక్కరలేదు. ఇద్దరిదీ ‘ఉక్కే’.

ఇక్కడే మరొక అపోహ తొలగించాలి. కార్బైడు అనగానే చాలమందికి భోపాల్ జ్ఞాపకం వస్తుంది. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి యూనియన్ కార్బైడు వారి కర్మాగారం నుండి వెలువడి వేలమందిని బలిగొన్న విషం మిథైల్ ఐసోసయనేట్. అది కార్బైడు కాదు. ఆ సంస్థ తొలినాళ్ళలో కాల్షియం కార్బైడు వ్యాపారంతో ఎదిగింది కనుక పేరు అలా నిలిచింది.

మామిడిపండు, దీపావళి

తల్లులారా, తండ్రులారా, ఇక మీతో నేరుగా రెండు మాటలు.

మన పక్కనున్న శ్రీనివాసపురం మామిడికి పెట్టింది పేరు. పచ్చికాయల నడుమ కార్బైడు పొట్లాలు పెడితే గాలిలోని తేమకే ఎసిటిలీన్ పుడుతుంది. కాయలో సహజంగా పుట్టి దానిని పండించే ఎథిలీన్ వాయువును అది అనుకరిస్తుంది. తొక్క పచ్చబడుతుంది, లోపల తీపి పుట్టదు. బజారు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలుగా ఉంటాయి. దానికి ఉండే వెల్లుల్లివంటి వాసన ఈ మలినాల వాయువులదే. అందుకే ఇలా మాగవేసిన పండ్ల అమ్మకాన్ని చట్టం నిషేధించింది. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలలో కూడా ఆ నిషేధం ఉన్నది. పరిమితమైన మోతాదులో ఎథిలీన్ వాయువును మాత్రం అనుమతించారు. వరిగడ్డిలో మాగవేసే మన అమ్మమ్మల పద్ధతి అన్నిటికంటె నిరపాయం. రెండు రోజులు ఆగడమే దానికయ్యే ఖర్చు.

రెండో మాట చెప్పేటప్పుడు నా గొంతు బిగుస్తున్నది. 2025 అక్టోబరులో దీపావళి పండుగనాడు మధ్యప్రదేశ్‌లో ‘కార్బైడు తుపాకి’ అనే చవక బొమ్మ పేలి వందమందికి పైగా కంటి గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో అధికులు పిల్లలు. కొందరికి చూపు పోయింది. పేలలేదేమని లోపలికి తొంగిచూసినప్పుడు పేలినవే ఎక్కువని పత్రికలలో చదివాను. చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. అరవై ఏళ్ళ కిందట చింతచెట్టు కింద నా మిత్రుడు వంగింది కూడా అందుకే. అధికారులు ఆ తరువాత వాటి అమ్మకాన్ని నిషేధించారు. ఆ బొమ్మ మన ఊరికి రాదన్న నమ్మకమేమీ లేదు.

కనుక ఇంటికి పోయి పిల్లలకు చెప్పండి. కార్బైడును మూసిన పాత్రలో నీటితో కలపకూడదు. పేలనిదానిలోకి తొంగిచూడకూడదు. ఒకవేళ సున్నంగాని, కార్బైడుగాని కంటిలో పడితే రుద్దకూడదు. పైకి కనిపించే పలుకులను పొడిగుడ్డతో మెల్లగా తీసివేసి, శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ కనీసం ఇరవై నిమిషాలు కడిగి, వెంటనే కంటివైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి. ఆనాడు చింతచెట్టుకు పది గజాలలో నీళ్ళతొట్టి ఉన్నది. ఈ ఒక్క వాక్యం మాకు ఎవరైనా ముందు చెప్పి ఉంటే ఆ కన్ను దక్కి ఉండేదేమో!

విన్నపం

పాలకవర్గంవారికి నాదొక విన్నపం. ఏ పాఠం ఏ తరగతిలో ఉన్నదన్న లెక్క పాఠ్యప్రణాళికకు ఉండవచ్చు. ప్రమాదానికి తరగతుల లెక్క లేదు. సంవత్సరారంభంలో, దీపావళికి ముందు, ప్రతి తరగతిలోను ఒక గంట ఇటువంటి విషయాలకు కేటాయించాలని కోరుతున్నాను. మా అయ్యవారు పశ్చాత్తాపపడిన ఆ లోటును తీర్చడమే ఆయనకు మనం ఇచ్చే గురుదక్షిణ.

ఆయన మాకు తెలుగులో బోధించారు. సమ్మేళనం, జలవిశ్లేషణ, ద్రవీభవన స్థానం అన్న మాటలతో నేను బెంగుళూరు వెళ్ళి, ఇంగ్లీషు మాటలను ఆర్నెల్లలో పట్టుకొన్నాను. విషయం తల్లిభాషలో మనసుకు పట్టి ఉన్నది కనుకనే పట్టుకోగలిగాను. ఈ బడిలో పిల్లల సంఖ్య తగ్గుతున్నదని విన్నాను. పరభాషను వద్దనమని నేను అనను. పునాదిని తవ్వి గోడ కట్టవద్దని మాత్రం మనవి చేస్తున్నాను.

చిరంజీవులారా, మీ జేబులోని బాల్‌పాయింటు కలం తీసి చూడండి. దాని మొనలో ఒక చిన్న గుండు తిరుగుతున్నది. మంచి కలాలలో అది సాధారణంగా టంగ్‌స్టన్ కార్బైడుతో చేసినదే. బండను తొలిచిన పదార్థమే మీచేత అక్షరం రాయిస్తున్నది.

చివరగా, మా నాయన ఇత్తడి దీపాన్ని ఈ రోజు పాఠశాల ప్రయోగశాలకు సమర్పిస్తున్నాను. వాయువు వచ్చే రంధ్రాన్ని సీసంతో పూడ్పించాను. ఇక అది వెలగదు. పిల్లలు విప్పి, రెండు గదులూ చూసి, ఎలా వెలిగేదో తెలుసుకొంటే చాలు. పక్కనే ఒక గాజు ఇంకుబుడ్డి కూడా ఉంచాను. అది మా మిత్రుడు పంపించాడు. దాని కథ అడిగిన పిల్లలకు దాచకుండా చెప్పవలసిందిగా ఉపాధ్యాయులను కోరుతున్నాను.